ఎనభై అయిదో ప్రశ్న దగ్గర తెర ఆగిపోయింది

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒడిశాలోని గుణుపురం నుంచి డాలస్ వచ్చి పద్నాలుగు నెలలు. ఇక్కడ నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాస్తుంటే ఎనభై అయిదో ప్రశ్న దగ్గర తెర ఆగిపోయింది. రెండు రోజులకు తప్పావని తెలిసింది. అత్తవారింట్లో ఇంకా చెప్పలేదు. "నేను అసలు నర్సునే కాదేమో అక్కా" అని చివర రాశావు. ఆ మాటను కాసేపు పక్కన పెట్టు.

ఎనభై అయిదుకే ఆగితే ప్యాసైనట్టేనని నీకెవరో చెప్పారు. నువ్వు నమ్మి, ఇంటికి వచ్చి పాయసం కూడా వండుకున్నావు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఎందరి చేత పాయసం వండించిందో! ఈ పరీక్షలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు వస్తాయి. అయిదు గంటల సమయం. ఒకటి సరిగా చేస్తే కంప్యూటర్ తర్వాతిది కాస్త కష్టంగా, తప్పు చేస్తే కాస్త తేలికగా ఇస్తుంది. నీ స్థాయి ప్యాసు గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకం కుదిరితే ఎనభై అయిదు దగ్గరే ఆపేస్తుంది. పైనున్నవాళ్లకూ అక్కడే ఆగుతుంది, కిందనున్నవాళ్లకూ అక్కడే ఆగుతుంది. ప్రశ్నలు మన స్థాయికి తగ్గట్టు మారుతుంటాయి కాబట్టి, బాగా రాసినవాళ్లకు కూడా బయటికి వచ్చేటప్పుడు సగం తప్పు పెట్టామనే అనిపిస్తుంది.

నేనూ తప్పాను, 2011లో. అప్పట్లో 75 నుంచి 265 ప్రశ్నలు, ఆరు గంటలు. నాకు 265 దాకా వచ్చాయి. ఆ తర్వాతి వారమే బరంపురంలో తమ్ముడి పెళ్లి. టికెట్టు ముందే కొన్నాం, వెళ్లక తప్పదు. పెళ్లింట్లో పర్లాకిమిడి బంధువులు, రాయగడ బంధువులు, వీధిలోని ఒడియా మాసీలు, అందరిదీ ఒకే ప్రశ్న: అమెరికా పరీక్ష ఏమైంది? నేను నోరు తెరిచేలోగా మా అమ్మ అందుకునేది. "అక్కడ పేపర్లు దిద్దడానికి ఆరు నెలలు పడుతుందట" అని. పెనం మీది అప్పడం తిరగేసినంత తేలిగ్గా చెప్పేది. కంప్యూటర్ పరీక్షకు పేపరేమిటని ఒక్కరూ అడగలేదు. ఆ ఆరు నెలల అబద్ధం నీడలోనే నేను ఊపిరి పీల్చుకున్నాను.

తిరిగి వచ్చాక అందరూ చేసే తప్పే నేనూ చేయబోయాను. లావుపాటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. వారం తర్వాత ఒక సాధన ప్రశ్న నన్ను ఆపింది. అసలు పరీక్షలోని ప్రశ్నలు బయటపెట్టకూడదు, అందరం ఒప్పుకునే కూర్చుంటాం. ఇది పుస్తకంలోది. ఆపరేషన్ అయిన రోగికి గొట్టం ద్వారా గంటలో 20 మిల్లీలీటర్ల మూత్రమే వచ్చింది. నర్సు మొదట ఏం చేయాలి? గంటకు కనీసం 30 రావాలని నాకు తెలుసు. అందుకని "డాక్టరుకు తెలపాలి" అని పెట్టాను. జవాబు: గొట్టం ఎక్కడైనా మెలిక పడిందేమో చూడాలి.

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. వార్డులో ఉన్నప్పుడు నేను ఆ మెలికను ఎన్నిసార్లు సరిచేయలేదు! చేతికి తెలిసిన పనిని కాగితం మీద వదిలేశాను. ఎందుకంటే మనకు పాఠం చెప్పినవాళ్లు, వార్డులో కేకలేసినవాళ్లు నేర్పింది ఒకటే: ఏదైనా అయితే డాక్టరుగారికి చెప్పు. ఈ పరీక్ష అడిగేది డాక్టరు వచ్చేలోపు నువ్వు ఏం చూశావు, ఏం చేశావు అని.

చిన్నప్పుడు మా పక్కింటి ఒడియా పిల్ల నన్ను ఆటకు పిలుస్తూ "చాల, చాల" అనేది. నడు, వెళ్దాం అని దాని అర్థం. నేను దేన్ని ఇంత "చాలా" అంటోందా అని నిలబడి చూసేదాన్ని. ఎన్‌క్లెక్స్ ముందు కూడా అలాగే నిలబడ్డాను. మాట తెలిసినదే, అడుగుతున్నది వేరు.

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. రోజుకు 75 ప్రశ్నలు. తప్పిన ప్రతిదాని దగ్గరా సరైన జవాబు రాయలేదు, అది పుస్తకంలో ఉండనే ఉంది. నేను ఆ తప్పు జవాబు ఎందుకు పెట్టానో తెలుగులో రాశాను. ఒడియా బడిలో చదివినదాన్ని, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవే, గుణింతాలు అటూ ఇటూ అయ్యేవి. ఏం రాశానంటే: "డాక్టరుకు భయపడ్డాను." "'మొదట' అన్న మాట చూడలేదు." "ఇంకా నేర్పాల్సిన అవసరం ఎవరికుందని అడిగితే, బాగా నేర్చుకున్నవాడిని ఎంచాను." "ఈ పని రోగి తాలూకు మనిషి చేస్తుందనుకున్నాను." రెండు వందల తప్పులయ్యాక లెక్కపెడితే, విషయం తెలియక చేసినవి అరవై కూడా లేవు.

ఆ చివరిది మనవాళ్లందరికీ తగిలే దెబ్బ. మన వార్డులో రోగి వెంట వచ్చిన అత్తయ్యే సగం నర్సు. తినిపించేదీ, ఒళ్లు తుడిచేదీ, పక్క మార్చేదీ ఆవిడే. ఇక్కడ ఆ పనులు నర్సింగ్ అసిస్టెంటువి. నిలకడగా ఉన్న రోగికి బీపీ చూడమని అసిస్టెంటుకు చెప్పవచ్చు. రోగి పరిస్థితిని అంచనా వేయడం, ఇంటికి వెళ్లేవాళ్లకు మందుల సంగతి బోధించడం మాత్రం నువ్వే చేయాలి. ఎవరికి ఏ పని అప్పగించాలన్న ప్రశ్నల్లో నేను తప్పినవన్నీ ఇక్కడే.

అలాగని "డాక్టరుకు తెలపాలి" అన్నది కనిపించగానే కొట్టేయకు. పరిశీలన అంతా ప్రశ్నలోనే అయిపోయి, రోగి ప్రాణం మీదికి వచ్చి, నువ్వు చేయగలిగింది ఇంకేమీ మిగలకపోతే ఫోను చేయడమే సరైన జవాబు. సూత్రాలు బట్టీ పట్టించే వీడియోలు మనల్ని ఇక్కడే ముంచుతాయి.

గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవరలను ఇంట్లో ఉంచుకుని వాళ్ల భాష నేర్చుకున్నారని మా మామయ్య ప్రతి పెళ్లిలోనూ చెబుతాడు. ఆ పెళ్లిలోనూ చెప్పాడు. విసుగ్గా విన్నాను గానీ, తర్వాత ఒక వృద్ధుల ఆశ్రమంలో అసిస్టెంటుగా చేరి, ఇక్కడి నర్సుల భాష వాళ్ల మధ్యే ఉండి నేర్చుకోవడానికి అదే కారణమేమో. షిఫ్టు మారేటప్పుడు నర్సులు ఒకరికొకరు రోగుల సంగతి అప్పజెప్పే పది నిమిషాలూ చెవులు రిక్కించి నిలబడేదాన్ని. నీ వీసా పని చేయనిస్తుందో లేదో ముందు చూసుకో. అనుమతి లేకుండా మాత్రం చేయకు.

ఇక కాగితాల పని. తప్పినవాళ్లకు మార్కులు ఇవ్వరు, ఒక నివేదిక వస్తుంది. ఒక్కో విభాగంలో నువ్వు గీతకు పైన ఉన్నావా, దగ్గర ఉన్నావా, కింద ఉన్నావా అని ఉంటుంది. "కింద" అన్నవాటికి ఎక్కువ రోజులు, "దగ్గర" అన్నవాటికి తక్కువ రోజులు కేటాయించు. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. 200 డాలర్ల రుసుము మళ్లీ కట్టాలి, పరీక్ష రాసే అనుమతి పత్రం మళ్లీ తెప్పించుకోవాలి. 45 రోజులంటే నలభై ఆరో రోజునే రాయాలని కాదు, నేను నాలుగు నెలలు తీసుకున్నాను. ఎన్నిసార్లు రాయవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో వరుసగా మూడుసార్లు తప్పితే ప్రత్యేక కోర్సు చేశాకే మళ్లీ రానిస్తారు. మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు నిబంధనలు నువ్వే చదువు, ఎవరినీ అడగకు, నన్ను కూడా.

మీ ఆయనకు ఈ రాత్రే చెప్పు. ఒకే ఇంట్లో ఉంటూ దాచడం పరీక్ష కంటే కష్టం. నివేదిక ఫొటో తీసి పంపు. శనివారం నాకు డ్యూటీ లేదు, మధ్యాహ్నం ఫోను చెయ్యి, పది ప్రశ్నలు కలిసి చేద్దాం. గుణుపురంలో మీ అత్తగారికి ఏమని చెప్పాలో మా అమ్మను అడిగి చెబుతాను. ఆవిడ దగ్గర ఇంకో ఆరు నెలలు దొరక్కపోవు.