చెక్ బౌన్స్ కేసులో వాయిదాకి వెళ్లలేదు, వారెంట్ పట్టుకుని పోలీసులు ఇంటికొచ్చారు, ఇప్పుడేంటి?

ముందు టెన్షన్ పడకుండా ఆ కాగితం చూపించమని అడగండి. అడిగితే చూపించాలి, అందులో ఏముందో చెప్పాలి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అరెస్టులు, కోర్టు విచారణలు ఎలా జరగాలో చెప్పే చట్టం) 77వ సెక్షన్ అదే చెబుతుంది. దాని మీద జడ్జి సంతకం, కోర్టు సీలు ఉన్నాయా, పేరు మీదేనా చూసుకోండి (ఒకే పేరున్న ఇంకొకాయన కోసం వచ్చిన సందర్భాలూ లేకపోలేదు).

అసలు చూడాల్సింది అది బెయిలబుల్ వారెంటా, నాన్ బెయిలబులా అని. బెయిలబుల్ అయితే ఎంత మొత్తానికి బాండ్ ఇవ్వాలో, ఎంతమంది జామీనుదారులు కావాలో, ఏ రోజు కోర్టుకి రావాలో వారెంట్ మీదే రాసి ఉంటుంది, ఆ ప్రకారం ఇస్తే పోలీసులు మిమ్మల్ని వదిలేయాల్సిందే. అది వాళ్లు చేసే ఉపకారమేమీ కాదు.

నాన్ బెయిలబుల్ అయితే తీసుకెళ్తారు. కానీ ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు కోర్టులో హాజరుపరచాలి, అరెస్టయిన సంగతి ఇంట్లోవాళ్లకి తెలియాలి, మీ వకీలుతో మాట్లాడుకోనివ్వాలి. ఆడవాళ్లనైతే సూర్యాస్తమయం తర్వాత, తెల్లారకముందు మామూలుగా అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి.

తలుపేసుకోవడం, తోసేయడం మాత్రం వద్దు, చిన్న కేసు కాస్తా పెద్దదవుతుంది. వారెంట్ ఉందని ముందే తెలిస్తే ఇంకా మేలు, వకీలుతో కలిసి మీరే కోర్టుకెళ్లి రీకాల్ పిటిషన్ (వారెంట్ వెనక్కి తీసుకోమని కోరే అర్జీ) వేసుకోండి, వాయిదాకి ఎందుకు రాలేకపోయారో ఆస్పత్రి చీటీ లాంటిదేదైనా ఉంటే జతచేయండి.