పిత్తాశయం తీసేస్తే తిండి అరుగుతుందా? పాఠకుల ప్రశ్నలకు డాక్టరు సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు, షుగరు ఉంది. ఇంట్లో ఉన్న నాలుగు ఆవుల పని అంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది. ఏడాదిగా రాత్రి భోజనం తర్వాత కుడి డొక్క కింద పట్టేసినట్టు నొప్పి వచ్చి వీపు దాకా పాకుతోంది. గ్యాస్ అనుకుని మాత్రలు వాడాం. పోయిన నెల తిరుపతిలో స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో చాలా రాళ్లున్నాయని, దాన్ని తీసేయాలని చెప్పారు. రాళ్లు మాత్రం తీస్తే చాలదా, ఉలవల కషాయానికి కరగవా అని బంధువులు అంటున్నారు. ఆ సంచి లేకపోతే జన్మలో తిండి అరగదని అమ్మ భయపడుతోంది. ఆపరేషన్ ఎలా ఉంటుంది, ఎన్నాళ్లకు కోలుకుంటుంది? కాలినడకన కొండకు వస్తానని మొక్కుకుంది కూడా.
(ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా)

జవాబు: ముందుగా మీ అమ్మగారి భయానికి సమాధానం చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క భయంతోనే చాలామంది ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేసి, చివరకు అర్ధరాత్రి చలిజ్వరంతో ఆసుపత్రికి వస్తున్నారు. పైత్యరసాన్ని తయారు చేసేది కాలేయం, పిత్తాశయం కాదు. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసాన్ని తయారు చేస్తే, పిత్తాశయం అందులో 30 నుంచి 50 మిల్లీలీటర్లను చిక్కబరిచి నిల్వ ఉంచుకుని, మనం నెయ్యి, నూనె ఉన్న భోజనం చేసినప్పుడు పేగులోకి వదులుతుంది. దాన్ని తీసేశాక ఆ రసం నిల్వ లేకుండా కాలేయం నుంచి నాళం గుండా నేరుగా పేగులోకి దిగుతూ ఉంటుంది కాబట్టి తిండి అరుగుతూనే ఉంటుంది. పైగా రాళ్లతో నిండి, మాటిమాటికీ నొప్పి తెచ్చే సంచి చాలాకాలంగా తన పనిని సరిగా చేయడం లేదనే అర్థం చేసుకోవాలి.

ఇక ఉలవల సంగతి. ఉలవలు, అరటి దవ్వ రసం, కొండపిండి ఆకు మన వైపు మూత్రపిండాల్లో రాళ్లకు వాడుతూ వచ్చినవి. అక్కడ మూత్రం ఎక్కువగా తయారైతే చిన్న రాయి కొట్టుకుపోయే అవకాశం ఉంటుంది. పిత్తాశయంలోని రాళ్లు ఎక్కువగా కొలెస్ట్రాల్‌తోనో, పైత్యరసంలోని రంగు పదార్థంతోనో ఏర్పడతాయి, వాటికి మూత్రంతో సంబంధం లేదు. ఇక్కడి చిన్న రాయి జారితే మంచిదని అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే అది పైత్యరస నాళంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, క్లోమగ్రంథి వాస్తే ప్రాణం మీదికి కూడా రావచ్చు. కరిగించే మాత్రలు ఉన్న మాట నిజమే కానీ, అవి కొన్ని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే పనికివస్తాయి, నెలల తరబడి వాడాలి, ఆపేశాక రాళ్లు మళ్లీ వస్తుంటాయి. రాళ్లు మాత్రం తీసి సంచిని వదిలేసినా ఇదే జరుగుతుంది, రాళ్లను తయారు చేసే చోటు అలాగే మిగిలిపోతుంది. షుగరు ఉన్నవారిలో పిత్తాశయానికి చీము పట్టి కుళ్లే ప్రమాదం ఎక్కువ గనుక, నొప్పి మొదలయ్యాక ఆలస్యం చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పిత్తాశయాన్ని తొలిసారి 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్ పొట్ట కోసి తీశారు. ఆ తర్వాత నూరేళ్లపాటు అదే పద్ధతి నడిచింది. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల ద్వారా తీసి చూపించగా, మన దేశంలో 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా ఆ పద్ధతిని ప్రారంభించారు. ఇప్పుడు తిరుపతిలోని స్విమ్స్, రుయా వంటి ఆసుపత్రులలో ఇలా చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ (ల్యాపరోస్కోపీ) మామూలు విషయం. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీకు వర్తించే వివరాలు ముందే తెలుసుకోండి.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు, గుండె పరీక్ష చేస్తారు. కాలేయ పరీక్షలో తేడా కనిపిస్తే నాళంలో రాయి ఉందేమోనని మరో స్కానింగ్ తీస్తారు. రాయి ఉంటే సాధారణంగా నోటి ద్వారా గొట్టం పంపి ముందు దాన్ని తీసి, తర్వాత పిత్తాశయాన్ని తీస్తారు. ఆపరేషన్ ముందు ఆరు గంటలు ఘనాహారం, రెండు గంటలు నీళ్లు కూడా మానాలి, అయితే మీ ఆసుపత్రి చెప్పిన సమయాలనే పాటించండి. షుగరు మాత్రల విషయం సొంతంగా నిర్ణయించవద్దు. వాటిలో కొన్నింటిని మూడు రోజుల ముందే ఆపాలి, రక్తాన్ని పలుచన చేసే మాత్రలకూ వేరే లెక్క ఉంటుంది. అందుకే వాడే మందులన్నీ సంచితో సహా తీసుకెళ్లి మత్తు డాక్టరుకు చూపించాలి.

పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర ఒక రంధ్రం, పైపొట్టలో మూడు రంధ్రాలు పెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపి, కెమెరాలో చూస్తూ పిత్తాశయానికి వచ్చే నాళానికి, రక్తనాళానికి క్లిప్పులు వేసి కోసి, సంచిని బొడ్డు దగ్గరి రంధ్రం గుండానో, పైపొట్ట రంధ్రం గుండానో బయటికి తీస్తారు. సుమారు గంట, గంటన్నర పడుతుంది. లోపల వాపు, అతుకులు ఎక్కువగా ఉంటే సర్జన్ పొట్ట కోసి చేయవలసి రావచ్చు. అది ఓటమి కాదు, ప్రధాన పైత్యరస నాళం దెబ్బతినకుండా తీసుకునే జాగ్రత్త. ఆ నాళానికి దెబ్బ తగలడం ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం, వెయ్యిమందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి జరుగుతుందని అంచనా. సంతకం పెట్టే ముందు దీని గురించి సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి.

ఆ సాయంత్రం వార్డులో చాలామంది పట్టుకుని కూర్చునేది పొట్టను కాదు, కుడి భుజాన్ని. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం లాగుతోందేమిటి, గుండె జబ్బేమోనని ఇంటివారు నర్సు దగ్గరికి పరుగెత్తుతారు. లోపల మిగిలిన వాయువు వల్ల ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర (డయాఫ్రమ్) రేగి, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, లేచి నడిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. అందుకే ఆ సాయంత్రమే ఇద్దరు పట్టుకుని నాలుగడుగులు వేయిస్తారు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే చెప్పాలి. అన్నీ సవ్యంగా ఉంటే మరునాడో ఆ తర్వాతి రోజో ఇంటికి పంపిస్తారు.

తిండి విషయంలో మన ఇళ్లలో పెట్టే పథ్యమే రోగిని ఎక్కువ నీరసపరుస్తుంది. పప్పు, గుడ్డు, పెరుగు, వంకాయ తింటే కుట్లకు చీము పడుతుందని మాన్పిస్తారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, షుగరు అదుపులో లేకపోవడం వల్ల. పుండు మానడానికి మాంసకృత్తులు అవసరం, అవి పప్పులో, గుడ్డులో, పెరుగులో ఉన్నాయి. మొదటి రోజుల్లో ఇడ్లీ, మెత్తటి అన్నం, పలుచని పప్పు, మజ్జిగ, మెత్తగా చేసిన రాగి సంగటి కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు ఇవ్వండి. రెండు మూడు వారాలు వేపుళ్లు, నెయ్యి, కొబ్బరి, చెనక్కాయల ఊరుబిండి తగ్గించి, ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టి ఒంటికి పడుతోందా అని చూసుకోవాలి. జీవితాంతం పథ్యం అక్కర్లేదు.

ఇంట్లో తేలికపాటి పనులు వారం పది రోజుల్లో చేసుకోవచ్చు. పాలక్యాన్లు ఎత్తడం, గడ్డిమోపు తలకెత్తుకోవడం, ఆవును పలుపు పట్టి లాగడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు వద్దు. బొడ్డు దగ్గరి రంధ్రం గట్టిపడకముందే బరువెత్తితే అక్కడ పేగు బయటికి ఉబ్బి హెర్నియా కావచ్చు. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఆవుల పనికి ఎవరినైనా కుదుర్చుకోండి, లేకపోతే ఆమె పదో రోజే చెంబు పట్టుకుని పాకలోకి వెళ్తారు. ఇక కొండ మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. కనీసం ఆరు వారాలు ఆగి, సర్జన్ సరేనన్నాక మొక్కు తీర్చుకోవచ్చు. అంగప్రదక్షిణ ఉంటే దానికి ఇంకొంత గడువు ఇవ్వండి.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. నిన్నటికంటే ఇవాళ ఎక్కువైతే, పొట్ట ఉబ్బితే, చలిజ్వరం వస్తే, వాంతులు ఆగకపోతే, కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా వస్తే, కుట్ల నుంచి చీము కారితే, పిక్క వాచి నొప్పి పెడితే, ఊళ్లో ఆర్‌ఎంపీతో ఇంజెక్షన్ వేయించి చూద్దామని ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. పైత్యరసం లోపల కారడం వంటివి తొలి వారంలోనే ఎక్కువగా బయటపడతాయి. ఇంకొకటి, తీసిన సంచిని బయాప్సీకి పంపుతారు. రాళ్లను సీసాలో వేసి ఇస్తే ఇంటిల్లిపాదీ చూస్తారు కానీ, ఆ బయాప్సీ రిపోర్టు కోసం తిరిగి వచ్చేవారు తక్కువ. అరుదుగా అందులో క్యాన్సర్ బయటపడుతుంది కనుక, దాన్ని తప్పక తెచ్చుకుని సర్జన్‌కు చూపించండి.

ప్రశ్న: ఆరోగ్య పరీక్షల్లో భాగంగా తీసిన స్కానింగ్‌లో పిత్తాశయంలో ఒక రాయి కనిపించింది. నాకు ఏ నొప్పీ లేదు. తీయించుకోవాలా?
(ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: అవసరం లేదు. నొప్పి లేని రాయి ఏడాదికి వందమందిలో ఒకరి నుంచి నలుగురి వరకు మాత్రమే బాధ పెడుతుంది. రాయి మూడు సెంటీమీటర్లు దాటినా, పిత్తాశయం గోడ సున్నంలా గట్టిపడినా, లోపలి గోడపై పెరిగే చిన్న కండ (పాలిప్) ఒక సెంటీమీటరు దాటినా, రక్తకణాలు విరిగిపోయే జబ్బు ఉన్నా మాత్రం సర్జన్‌తో మాట్లాడాలి. రాయి ఉందని భయపడి ఉపవాసాలతో ఒక్కసారిగా బరువు తగ్గకండి, వేగంగా బరువు తగ్గడం వల్ల కూడా కొత్త రాళ్లు ఏర్పడవచ్చు.

ప్రశ్న: పిత్తాశయం తీసి నెల అయింది. తిన్న అరగంటకే విరేచనానికి వెళ్లవలసి వస్తోంది. ఇది ఇక ఇంతేనా?
(ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: పైత్యరసం నిల్వ లేకుండా నిరంతరం పేగులోకి దిగుతుండటం వల్ల కొందరికి ఇలా జరుగుతుంది. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో, ఆలస్యమైతే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఒక్క పూటలో నూనె తగ్గించి, అన్నం కొంచెం కొంచెంగా తిని, ఓట్స్, జామ, క్యారెట్ వంటి పీచు ఉన్నవాటిని మెల్లగా పెంచండి. కాఫీ తగ్గించి చూడండి. రక్తం పడినా, బరువు తగ్గినా, రాత్రి నిద్రలో లేవవలసి వచ్చినా వెంటనే చూపించుకోండి. మూడు నెలలకూ తగ్గకపోతే పేగులోని పైత్య ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడిని డాక్టరు రాయవచ్చు. థైరాయిడ్, బీపీ మాత్రల వంటివి వాడుతుంటే వాటిని ఈ పొడికి గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి.