కళ్లు మూసుకుంటే ఆందోళన పెరుగుతున్నప్పుడు

ధ్యానానికి కూర్చుని కళ్లు మూసుకోగానే గుండె దడ పెరిగి, పాత ఆలోచనలన్నీ చుట్టుముడుతున్నాయని మీరు రాశారు. అది మీ లోపం కాదండి. ఆందోళన ఉన్నవారిలో కొందరికి ఇలా జరుగుతుంది. కొన్నాళ్లు ధ్యానాన్ని పక్కన పెట్టి, కళ్లు తెరిచే ఉంచి, 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. గాలి వదలడం దీర్ఘమైనప్పుడు మెదడు నుంచి గుండె వంటి అవయవాలకు వెళ్లే వేగస్ అనే నరం ప్రభావంతో గుండె వేగం కొంత తగ్గుతుంది కనుక, బిగుసుకున్న దవడ, భుజాలు క్రమంగా వదులవడం మీరే గమనించవచ్చు. భస్త్రిక వంటి వేగవంతమైన ప్రాణాయామాలు ఇప్పుడు వద్దు, అవి దడను పెంచవచ్చు. మంచం దిగాలనిపించని ఉదయాల్లో, కూర్చుని చేసే ధ్యానం కంటే నిటారుగా, స్థిరంగా నిలబడి చేసే తాడాసనమే మేలని నా అభిప్రాయం. డాక్టరు రాసిన మందులను సొంతంగా ఆపకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం, యోగాతో సరిపెట్టుకోకుండా, వెంటనే ఇంట్లోవారికి చెప్పి వైద్యుణ్ణి కలవండి.