కింద పిల్లర్ల మధ్య ఎక్స్ కొట్టిస్తే సరిపోతదా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది సిరోంచ. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దిక్కు భూకంపం వచ్చినప్పుడు ఇంట్ల గిన్నెలన్నీ గలగలమన్నయి, అప్పటిసంది అమ్మకు ఒకటే రంది. మాది జీ ప్లస్ టూ, కింద మొత్తం పార్కింగ్, గోడల్లేవు, ఒట్టి పిల్లర్లే. వెల్డింగ్ అన్న ఏమో ముందర రెండు పిల్లర్ల నడుమ యాంగిల్స్ ఎక్స్ లెక్క కొట్టేస్తా, ఇగ ఫికర్ వద్దు అంటుండు. కొట్టించాల్నా?

జవాబు: అమ్మ భయం ఉత్తగనే కాదు. ఆ రోజు వచ్చింది 5.3, 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అదీ మన గోదావరి పక్కనే. మీ ఇంటి రకం కూడా భయపడాల్సిందే, పైన గోడలుండి బిగుసుకుని ఉంటది, కింద ఖాళీ, అందుకని ఊగుడంతా కింది పిల్లర్ల మీదనే పడ్తది. 2001 భుజ్ భూకంపంలో రెండొందల కిలోమీటర్ల పైన దూరమున్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇట్లా కింద పార్కింగ్ వదిలినవే.

ఎక్స్ ఐడియా మంచిదే. మెక్సికో సిటీలో 1979 భూకంపానికి దెబ్బతిన్న ఒక 12 అంతస్తుల కాంక్రీట్ బిల్డింగ్‌కి స్టీల్ బ్రేసింగ్ (ఇట్లా ఏటవాలుగా కొట్టే కడ్డీలు) వేస్తే, 1985లో చుట్టూ ఎన్నో కూలినా అది నిలబడ్డది.

కానీ ముందర ఒక్కటే వేస్తే మాత్రం వద్దు. ముందు బిగిసిపోయి వెనక వదులుంటే ఇల్లు మెలి తిరుగుతది, పొడుగు, వెడల్పు రెండు దిక్కులా, ఎదురెదురుగా వెయ్యాలి. ఇంకోటి, ఎక్స్‌లో ఒక కడ్డీ లాగుడు పడ్తే ఇంకోటి నొక్కుడు పడ్తది, సన్న యాంగిల్ అయితే నొక్కుడికి వంగిపోతది, మళ్లీ ఊగితే ఆ వంగినది ఇగ పనికిరాదు. అసలు సంగతి వెల్డింగ్ అన్న చెప్పనిది ఏందంటే, బ్రేసింగ్ బలాన్ని మింగదు, అటు పక్క పిల్లర్‌ను పైకి గుంజుతది, ఇటు పక్కదాన్ని కిందికి తొక్కుతది, అదంతా చివరికి పునాదికి పోతది. రింగులు దూరదూరం కట్టిన పాత పిల్లర్ అయితే ముందు దానికి జాకెటింగ్ (పిల్లర్ చుట్టూ కొత్త తొడుగు వేసి బలం పెంచుడు) కావాలి. పిల్లర్ పగలగొట్టి లోపలి రాడ్లకు వెల్డ్ చేస్తా అంటే అస్సలు ఒప్పుకోకండి, ఖానా (రెండు పిల్లర్ల నడుమ జాగ) లోపల చుట్టూ స్టీల్ ఫ్రేమ్ పెట్టి కెమికల్ యాంకర్లతో (గమ్ము లాంటి మందు పోసి దించే బోల్టులతో) కాంక్రీట్‌కి బిగించి, దానికి ఎక్స్ వెల్డ్ చెయ్యాలి. పిల్లర్ నడుమ ఎత్తులో కడ్డీ ఆనించడం ఇంకా డేంజర్, అక్కడ్నే విరుగుతది.

ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిచి ఒక పునాది తవ్వి చూపించండి, ఐఎస్ 15988 (పాత కాంక్రీట్ బిల్డింగ్‌లను భూకంపానికి చెక్ చేసి బలం చేసే మన దేశపు కోడ్) ప్రకారం చెక్ చెయ్యమనండి. కొన్నిచోట్ల ఎక్స్ కన్నా కాంక్రీట్ గోడే చవక పడొచ్చు. ఏ ఖానాలో నుంచి బండి పోవాల్నో ఇప్పుడే గీసి పెట్టుకోండి, ఎక్స్ పడ్డాక అటు నుంచి స్కూటీ కూడా పోదు.