ప్లాట్ అమ్మే ముందు ఒక అర్జీ పెట్టండి

ప్రశ్న: మా బాబుకు 7 ఏళ్లు. ఆటిజం, సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం అని ఉంది. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 62 వేలు. క్లాసులో బాబు పక్కనే ఉండి సాయపడే షాడో టీచర్‌ను మీరే పెట్టుకోండి, లేదంటే వేరే స్కూలు చూసుకోండి అంటున్నారు బాబు చదివే ప్రైవేటు స్కూలువాళ్లు. టీచర్‌కు 15 వేలు, థెరపీలకు 12 వేలు. ఉన్న ఒక్క ప్లాట్ అమ్మేద్దామా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇప్పుడే అమ్మకండి. నెలకు 27 వేలంటే ఏడాదికి 3 లక్షల 24 వేలు. ప్లాట్ డబ్బు కొన్నేళ్లలో కరిగిపోతుంది, బాబు అవసరాలు మాత్రం అలాగే ఉంటాయి. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ముందు అప్పు చేసి, హక్కుల సంగతి తర్వాత తెలుసుకుంటారు. అది చూసినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా పిల్లల్ని చేర్చుకోవాలి, వాళ్లకు అవసరమైన సాయం అందేలా చూడాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య కూడా హక్కే. ఈ చట్టం చూపగానే షాడో టీచర్ ఖర్చంతా స్కూలే పెట్టుకుంటుందని చెప్పను. కానీ నోటిమాటగా అన్నదాన్ని కాగితం మీద ఇవ్వమంటే చాలాసార్లు వాళ్ల ధోరణి మారుతుంది. కాబట్టి హెడ్మాస్టర్‌కు ఉత్తరం రాయండి, సర్టిఫికెట్ జతచేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒక కాపీ డీఈవో ఆఫీసులో ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఈలోగా టీసీ మాత్రం తీసుకోకండి.

థెరపీల విషయానికొస్తే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీకు దగ్గరలో ఎక్కడుందో ఎంఈవో ఆఫీసులో అడగండి. అక్కడ ఫీజు ఉండదు. అన్ని థెరపీలూ అక్కడే దొరక్కపోవచ్చు, రెండు తగ్గినా మీకు ఊరటే. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో బాబును చేర్చండి. కట్టేది వందల్లోనే, కవరేజీ ఏడాదికి లక్ష దాకా ఉంటుంది, థెరపీ బిల్లులకూ కొంత పరిమితి మేరకు వస్తుంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర సంస్థ నీపిడ్‌కు ఒకసారి తీసుకెళ్లి, ఇంట్లో మీరే చేయించగలిగినవి నేర్చుకోండి.

ఇక వైకల్యం ఉన్న కుటుంబసభ్యుల కోసం పెట్టే ఖర్చుపై ఆదాయపు పన్నులో ఇచ్చే 80డీడీ మినహాయింపు కింద పన్ను ఆదా అవుతుందని ఏ ఏజెంటైనా పాలసీ చూపిస్తే ఒప్పుకోకండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. ఈ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. ఆ ప్రీమియం డబ్బుతో మీవారి పేరిట టర్మ్ పాలసీ తీసుకోండి. ఆయన సంపాదన మీదే ఇల్లంతా నడుస్తోంది కదా.

ప్లాట్‌ను మీ తదనంతరం బాబు కోసం ఉంచండి. ఆ ఆస్తి ఎవరు చూసుకోవాలో వీలునామాలో రాయించండి. బాబుకు 18 నిండాక లీగల్ గార్డియన్ కోసం, కలెక్టర్ అధ్యక్షతన ఉండే నేషనల్ ట్రస్ట్ స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మీ ఇద్దరి తర్వాత ఆ బాధ్యత మీ చెల్లెలు తీసుకుంటారా, మీ మరిది తీసుకుంటారా? ఆ మాట వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి.