ఎవరన్నారో కూడా రాసుకో

బిడ్డా,

నీ కథ చదివాను. దాని సంగతి చివర్లో చెప్తాను. మంచి మాటలు నోటుబుక్‌లో రాసుకుంటున్నానని, రెండు వందలు దాటాయని రాశావు. దానివల్ల రాయడం వస్తుందా అని అడిగావు. రాదు. అయినా మానకు.

నా దగ్గర అలాంటి నోటుబుక్కులు పదకొండున్నాయి. మొదటి మూడూ దండగ. మాట ఒక్కటే ఎక్కించుకున్నాను. ఎవరన్నారో, ఎందుకన్నారో రాయలేదు. ఒక పేజీలో 'వాన రాకడ, పాణం పోకడ ఎవలకెరుక' అని ఉంది. సామెతే. కెప్టెన్ కార్ అనే ఆయన 1868లోనే తెలుగు సామెతలు పోగుచేసి అచ్చు వేయించాడు, సామెతలకేం కరువు? కానీ ఇది మా నాయనమ్మ నోట విన్నది. ఆ ఏడు పాలమూరులో మా చేన్ల విత్తనం మొలవలేదు. మా చిన్నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని డ్యాం పనికి బయలుదేరాడు. ఆయనకు సద్ది మూట కడుతూ అన్నది. వాన గురించా, కొడుకు గురించా? పక్కన రెండు ముక్కలు రాసిపెట్టుకుంటే ఇవాళ నాకో కథ ఉండేది.

నవ్వొచ్చేవి కూడా రాసుకో. సూర్యాపేట రోడ్డు మీద లారీల వెనక 'నన్ను చూసి ఏడవకురా' అని చదివి రాసుకున్నాను. మొదట ఎవరు రాశారో గానీ, ఎంతమందిని ఏడిపించాడో!

ఒకసారి పరువు కూడా పోయింది. నీ అభిప్రాయం నాకు నచ్చకపోయినా అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమిస్తాను అన్న మాట ఫ్రెంచి రచయిత వోల్టేర్‌దని ఒక వ్యాసంలో రాసేశాను. నల్లగొండ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ కార్డు రాశారు: 'ఎక్కడ చదివారు?' అంతే. వెతికితే తేలింది. వోల్టేర్ ధోరణిని వివరిస్తూ ఎవిలిన్ హాల్ అనే రచయిత్రి 1906లో రాసిన వాక్యమది. అప్పటికి వోల్టేర్ పోయి వందేళ్ళు దాటింది. ఆ కార్డు నాలుగో నోటుబుక్ అట్ట లోపల అంటించుకున్నాను.

మన సురవరం ప్రతాపరెడ్డిగారిని చూడు. తెలంగాణలో కవులే లేరన్నారని, 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. పేర్లు లేకుండా ఉత్త పద్యాలు వేస్తే అది జవాబయ్యేదా? అందుకే ఎడమ పేజీ ఖాళీగా వదిలిపెట్టు. మనిషి, ఊరు, తేదీ, సందర్భం అక్కడ రాయి. వాట్సాప్‌లో వచ్చినవైతే మూలం దొరికేదాకా పెన్సిల్‌తోనే రాయి.

ఇక నీ కథ. అందులో మూడు కొటేషన్లున్నాయి. ఒకటి తాత నోట పెట్టావు. మిర్యాలగూడ పక్కన వరి పండించే తాత లెబనాన్ కవి ఖలీల్ జిబ్రాన్‌లా మాట్లాడతాడా? మూడూ తీసేసి పంపు. మీ తాత నిజంగా ఏమంటాడో అడిగి, అది పెట్టు.

మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.