పాత సాఫ్ట్‌వేర్ మార్చే పని ఎవరికివ్వాలి? పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్. బిల్లింగ్, స్టాకు, పార్టీ ఖాతాలు 1998 నుంచి డాస్ (విండోస్‌కు ముందుకాలపు వ్యవస్థ) మీద నడిచే ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాంలోనే నడుస్తున్నాయి. కొత్త కంప్యూటర్లలో అది తెరుచుకోవడం లేదు. ముగ్గురు కొటేషన్లు ఇచ్చారు. ఒకరు మొత్తం కొత్తగా రాస్తామంటున్నారు. ఇంకొకరు రెడీమేడ్ ప్యాకేజీ పెట్టుకోమంటున్నారు. మూడోవారు అందరికన్నా తక్కువ ధరకు, రెండు నెలల్లో ‘ఉన్నది ఉన్నట్టే’ చేసిస్తామంటున్నారు. ఎవరికివ్వాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 64 బిట్ విండోస్‌లో డాస్ కాలపు 16 బిట్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. కాబట్టి మార్చక తప్పదు. అయితే ధరలు చూసి తేల్చుకోకండి. ముందు ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టండి. డేటా బయటికి పోనివ్వబోమని రాయించుకుని, మీ డీబీఎఫ్ ఫైళ్ళ (ఫాక్స్‌ప్రో డేటా ఉండేవి) కాపీ ఇవ్వండి. పోయిన మార్చి 31 నాటి ముగింపు స్టాకు బ్యాచ్‌లవారీగా, బాకీలు పార్టీలవారీగా కొత్త డేటాబేస్ నుంచి తీసి చూపమనండి. రెండు వారాల గడువు చాలు. ఈ పనికి డబ్బు ఇవ్వండి, ఊరికే అడిగితే డెమో చూపించి సరిపెట్టేస్తారు. మీ పాత రిపోర్టుతో లెక్క తేలాలి. తేడా వస్తే ఏ బిల్లు దగ్గర, ఎందుకు వచ్చిందో చెప్పగలగాలి. తేడా రాలేదని చెప్పేవాళ్ళకంటే, వచ్చిన తేడాకు కారణం పట్టి చూపినవాళ్ళే మీకు కావలసినవాళ్ళు.

తేడాలు ఎక్కడ పుడతాయో మీకూ తెలిసుండాలి. ఫాక్స్‌ప్రోలో బిల్లు తొలగిస్తే అది ఫైల్లోంచి పోదు. రికార్డు మొదట్లో ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, ‘ప్యాక్’ అనే కమాండ్ కొట్టేదాకా రికార్డు అక్కడే ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని కన్వర్టర్ (పాత డేటాను కొత్తదాంట్లోకి మార్చే ప్రోగ్రాం) వాడితే రద్దయిన బిల్లులన్నీ మళ్ళీ లేచి కూర్చుంటాయి. పార్టీ బాకీలు ఒక్కసారిగా పెరిగిపోతే ముందు దీన్నే అనుమానించండి.

రెండోది ఎక్స్‌పైరీ. పాత ఫైల్లో ‘0327’ (2027 మార్చి) అని అక్షరాల్లాగే ఉంటుంది. కొత్తదాంట్లో అది పూర్తి తేదీ కావాలి. నెల, సంవత్సరం మాత్రమే వేసిన మందు ఆ నెల చివరి రోజు దాకా చెల్లుతుంది. ప్రోగ్రామర్ తెలియక దాన్ని మార్చి 1గా మార్చాడనుకోండి, ఆ నెలంతా మంచి స్టాకుకు బిల్లు పడదు. పరీక్షలో ఇది తప్పకుండా చూడండి.

మూడోది పాత పన్ను రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు 12 శాతంతో అమ్మిన సరుకు ఇప్పుడు వాపసు వస్తే, పాత బిల్లుకు ఇచ్చే క్రెడిట్ నోట్‌లో (బిల్లు సొమ్ము తగ్గిస్తూ ఇచ్చే పత్రం) 12 శాతమే ఉండాలి. అంటే ఐటెమ్ మాస్టర్‌లో (సరుకుల వివరాల పట్టిక) రేటు ఒక్కటే ఉంటే చాలదు, ఏ తేదీ నుంచి ఏ రేటో ఉండాలి. అలాంటి క్రెడిట్ నోట్ ఒకటి మీ ఎదురుగా కొట్టి చూపించమనండి. మందుల వ్యాపారం తెలిసినవారెవరో అక్కడే బయటపడుతుంది.

ఇక ముగ్గురిలో ఎవరంటే, మీ వ్యాపారానికి రెడీమేడ్ ప్యాకేజీయే మేలని మా అభిప్రాయం. 10+1 (పది కొంటే ఒకటి ఉచితం) స్కీములు, బ్యాచ్‌లు, ఎక్స్‌పైరీ వాపసులు మందుల హోల్‌సేల్‌లో అందరికీ ఉన్నవే, వాటికోసం కొత్తగా రాయించుకోనక్కర్లేదు. గత 12 నెలల్లో మీవాళ్ళు నిజంగా వాడిన మెనూలు, రిపోర్టుల జాబితా రాయండి. వాటిలో ప్యాకేజీ ఇవ్వలేనిది ఏదైనా ఉంటే దానికి మాత్రమే విడిగా రాయించండి. ‘ఉన్నది ఉన్నట్టే’ అన్నవారిని దూరం పెట్టండి. జీఎస్టీకి ముందున్న వ్యాట్ పన్ను రోజుల కాలమ్‌లలో జీఎస్టీని ఇరికించి నెట్టుకొచ్చిన సర్దుబాట్లన్నీ కొత్తదాంట్లోకీ వచ్చేస్తాయి.

2017-18 నుంచి ఏ ఏడాదైనా మీ టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి. అది సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే రావాలి, వేరే సైట్‌లో మళ్ళీ టైపు చేసే పద్ధతి వద్దు.

మార్పుకు ఏప్రిల్ 1 మంచి తేదీ. ఇన్‌వాయిస్ నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు, 16 అక్షరాలు మించకూడదు. మధ్యలో మారితే కొత్త బిల్లులకు వేరే సిరీస్ పెట్టాలి. అంతకుముందు ఫిబ్రవరి, మార్చిలలో రెండింటిలోనూ బిల్లులు ఎక్కించండి. శ్రమే, కానీ ఒక నెలాఖరు ముగింపైనా రెండుచోట్లా సరిపోకుండా పాతదాన్ని ఆపకండి. ఆపాక కూడా పారేయకండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. డాస్ ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్‌లో నడిపే డాస్‌బాక్స్‌లోనో, వర్చువల్ మెషీన్‌లోనో (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటిది) చూడ్డానికి మాత్రం తెరుచుకునేలా పెట్టించుకోండి.

మొత్తం సొమ్ములో 20 శాతం చివరికి అట్టిపెట్టండి. కొత్తదాంట్లోంచి రెండు నెలల జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులు సరిగా దాఖలయ్యాకే ఇవ్వండి. సంతకం పెట్టేముందు, రోజూ మీ పని చూడబోయే ప్రోగ్రామర్‌ను ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి. కొటేషన్ తెచ్చిన మనిషి తర్వాత కనిపించకపోవచ్చు.

ప్రశ్న: మా రైస్ మిల్లు సాఫ్ట్‌వేర్ వీబీ6 (విజువల్ బేసిక్ 6)లో, డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉంది. రాసిన ప్రోగ్రామర్‌కు డబ్బంతా ఇచ్చేశాం. ఇప్పుడు సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు ప్రతి) అడిగితే ఇవ్వనంటున్నారు. అది మాది కాదా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: డబ్బు ఇచ్చినంత మాత్రాన కాదమ్మా. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బయటి మనిషి రాసిన ప్రోగ్రాంకు మొదటి హక్కుదారు రాసినవారే. మీ దగ్గర జీతానికి ఉండి, ఆ ఉద్యోగంలో భాగంగా రాసుంటే మాట వేరు. హక్కు మీకు రావాలంటే సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది. కొత్తవారితో ఒప్పందంలో ‘హక్కులన్నీ, శాశ్వతంగా, అన్ని దేశాల్లో’ అని స్పష్టంగా రాయించండి. కోడ్ మీ పేరున తెరిచిన గిట్ (కోడ్ భద్రపరిచే చోటు) అకౌంట్‌లోకి ప్రతివారం చేరాలని, వాయిదాల చెల్లింపు దానికి ముడిపడి ఉండాలని కూడా చేర్చండి.

కోడ్ ఆయనదైనా డేటా మీదే. ముందు ఎమ్‌డీబీ ఫైలు (యాక్సెస్ డేటా ఉండేది) సైజు చూడండి. 2 జీబీ దాటితే యాక్సెస్ తీసుకోదు. దగ్గరపడుతుంటే తొందరపడండి. లేకపోతే కంగారు వద్దు, వీబీ6 ప్రోగ్రాములు విండోస్ 11లోనూ నడుస్తాయి. నిదానంగా మంచివారిని వెతుక్కునే వ్యవధి ఉంది.

ప్రశ్న: మా విత్తనాలు, పురుగుమందుల షాపులో రైతుల పేర్లు పాత తెలుగు ఫాంట్‌లో ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకు ఫాంట్ తెలుగు బొమ్మలు తొడిగింది. ఫాంట్ తీసేయగానే అసలు బయటపడింది. ప్రతి ముక్కకూ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే కోడ్ ఇచ్చే పద్ధతి) అక్షరం చూపే పట్టిక కావాలి. పాత ఫాంట్లలో తలకట్టు, ఒత్తు విడివిడి ముక్కలు కాబట్టి వాటి వరుస కూడా సరిచేయాలి. చేసేవారికి ముందుగా 200 పేర్లు ఇచ్చి చూడండి. వాటిలో లక్ష్మి, కృష్ణ, శ్రీను, స్వామి లాంటి ఒత్తుల పేర్లు ఎక్కువుండాలి. ‘రాము’ సరిగా వచ్చిందని సంబరపడితే లాభం లేదు.

పేరు పట్టే చోటు కూడా పెంచమనండి. యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) ‘లక్ష్మి’ ఒక్కటే 21 బైట్లు తీసుకుంటుంది. 30 బైట్ల పాత గడిలో ఇంటిపేరు తెగిపోతుంది. ఒకే ఊళ్ళో నలుగురు లక్ష్ములుంటే ఎవరి బాకీ ఎవరిదో తేలదు. అందుకే మార్పిడికి ముందే ప్రతి రైతుకూ ఒక నంబరు ఇచ్చేసి, ఖాతా దానితోనే నడపండి.